ఏడో బీటు

ఆయన్ని నేలమాళిగలో కూర్చోబెట్టి దానికి ప్రమోషన్ అని పేరు పెట్టారు. నీళ్ళ ఆఫీసు వాళ్ళకి పేర్లు పెట్టడం బాగా వచ్చు. కుళాయిలో చుక్క రాని రోజుని ‘నిర్వహణ దినం’ అంటారు. వచ్చిన రోజుకి పేరేమీ లేదు.

ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆయన వీధుల వెంట తిరిగి నీళ్ళ మీటర్లు చదివాడు. ప్రతి ఇంటి గేటు పక్కనా నేలలో ఓ ఇనప మూత ఉంటుంది. కొక్కెం వేసి దాన్ని లేపాలి, లోపలికి వంగి మీటరు అద్దం మీద మట్టి తుడవాలి, అంకెలు రాసుకోవాలి, మూత మళ్ళీ వెయ్యాలి. రోజుకి నూటపాతిక మూతలు, పది పన్నెండు కిలోమీటర్ల నడక. వీధుల్లో పిల్లా పెద్దా అంతా ఆయన్ని నీళ్ళాయన అనేవాళ్ళు. మనమూ అలాగే అందాం. అసలు పేరు హాజరుపట్టీలో ఉంది గానీ, దాంతో ఎవరికీ పని పడలేదు.

తర్వాత తమ అంకెలు తామే పంపుకునే మీటర్లు వచ్చాయి. మూతలు లేపేవాళ్ళ అవసరం తీరిపోయింది. “ఇంక మీకు ఎండా లేదు, వానా లేదు. హాయిగా ఫ్యాను కింద కూర్చోండి” అన్నారు పైవాళ్ళు. ఆయన నమ్మాడు. నమ్మి, ఆఫీసంతా మిఠాయి కూడా పంచాడు. తన తద్దినానికి తానే భోజనాలు పెట్టానని వారం తిరిగేసరికి తెలిసింది.

ఆ గదికి కిటికీ లేదు. నాలుగు బల్లలు, నాలుగు స్క్రీన్లు, రోజంతా గుయ్యిమనే ట్యూబులైటు ఒకటి. గోడ మీద క్యాలెండరులో జలపాతం బొమ్మ ఉంది, ఆ గదిలో కదిలేలా కనిపించేది అదొక్కటే. బయట వాన పడుతోందని ఆయనకి తెలియాలంటే ఎవరో ఒకరు తడిసిన గొడుగుతో మెట్లు దిగాలి. స్క్రీను మీద ఇళ్ళ నంబర్లు, వాటి ఎదురుగా అంకెలు. ఆ అంకెల్ని ఆయన చూడాలి. ఏమీ తేడా లేకపోతే ఏమీ చెయ్యక్కర్లేదు. తేడా ఏమీ ఉండేది కాదు.

ఏడు నెలల్లో మనిషి మారిపోయాడు. పొట్ట పెరిగి బెల్టుకి కొత్త చిల్లులు పడ్డాయి. పన్నెండు కిలోమీటర్లు నడిచినప్పుడు ఏనాడూ కిక్కురుమనని మోకాళ్ళు కుర్చీలోంచి లేవాలంటే మూలగడం మొదలెట్టాయి. పక్కమీద కాలుగాలిన పిల్లిలా దొర్లడమే గానీ నిద్ర పట్టేది కాదు. చెంచా కింద పడ్డా అరిచేవాడు, పడకపోయినా అరిచేవాడు. ఇంట్లో ఉన్న ఇద్దరిలో ఒకరు తనే కాబట్టి ఆ అరుపులన్నీ భార్యకే దక్కేవి.

ఆవిడ సంగతి చెప్పాలి. ఆవిడ ఇంట్లోనే కూర్చుని చొక్కాలకి కాజాలు కుట్టేది. కత్తిరించిన చొక్కాలు కట్టలు కట్టలుగా ఇంటికొచ్చేవి, కుట్టాక కట్టలుగానే వెళ్ళేవి. ఆవిడకి బయటికి వెళ్ళే పని ఉండేది కాదు. కూరగాయలు బండి మీద గుమ్మంలోకే వచ్చేవి. అత్తగారు పక్షవాతంతో పదకొండేళ్ళు మంచంలో ఉంది, ఆ పదకొండేళ్ళూ ఈవిడ గుమ్మం దాటితే ఒట్టు. అత్తగారు పోయాక దాటొచ్చు. కానీ అప్పటికి దాటే అలవాటు పోయింది.

పైగా ఆ ఇంటికో చట్టం ఉండేది. పెట్టింది నీళ్ళాయన తండ్రి. “పని లేకుండా వీధిలో కనబడేవాడు దొంగైనా అయ్యుండాలి, కొత్తల్లుడైనా అయ్యుండాలి” అనేవాడు ఆయన. ఆయన పోయాడు, మాట మిగిలింది. ఆ ఇంట్లో ఎవరూ ఊరికే బయటికి వెళ్ళరు. నీళ్ళాయనకి ఇది ఏనాడూ ఇబ్బంది కాలేదు, వీధే ఆయన పని కదా. ఇబ్బంది ఎవరికైందో ఆలోచించాలని ఆయనకి తోచలేదు.

అయితే వీధి సాయంత్రానికి ఇంటికొచ్చేది. ఆయనే తెచ్చేవాడు. చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, గుమ్మం పక్కన కూర్చుని చెప్పడం మొదలెట్టేవాడు. ఆవిడ సూది ఆపకుండా వినేది. అన్నిటికంటే ఆవిడకి ఇష్టం ఏడో బీటు. మీటర్లు చదివే వీధుల్ని ఆఫీసు బీట్లుగా పంచింది. ఏడోది ఒక పాత పేట, ఇంటికి రెండు మైళ్ళు కూడా ఉండదు. దానిమ్మ కంచె ఉన్న ఇల్లు, మూడు కాళ్ళ కుక్క, మీటరు గుంతలో కాపురం పెట్టిన కప్ప, రోజూ మేడమీంచి భర్త బట్టలు వీధిలోకి విసిరేసి మళ్ళీ తనే ఏరుకొచ్చే ఇల్లాలు. చివరి సందులో జామచెట్టు కింద రాతిబల్ల మీద కూర్చునే రిటైరైన పంతులమ్మ.

పంతులమ్మంటే ఆవిడకి ప్రాణం. ఏడో బీటుకి వెళ్ళిన రోజు ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే “ఇవాళ పంతులమ్మ ఏమంది?” అని అడిగేది. ఆ పంతులమ్మ నోరు మంచిది. ఒకసారి “కాజా కుట్టే చేతికి తొందర ఉండకూడదు. మీ ఆవిడ చేతికి తొందరంటే ఏమిటో తెలిసినట్టు లేదు, నీ చొక్కా కాజాలు చూస్తే చాలు” అందట. ఇంకోసారి “రోజంతా తలవంచుకు పనిచేసే మనిషికి సాయంత్రం తల నిమిరేవాళ్ళు ఉండాలయ్యా” అందట. అది చెప్పి ఆయన మొహం తిప్పుకుని కుండలో నీళ్ళు తాగడానికి వెళ్ళాడు. అత్తగారు పోయిన నెలలో అయితే, “పదకొండేళ్ళు మీ అమ్మని పసిపిల్లలా చూసింది. నువ్వు కొడుకువై ఉండీ చెయ్యలేనిది చేసింది. ఆ రుణం నువ్వు ఈ జన్మలో తీర్చలేవు, తీర్చలేనని ఒప్పుకుంటే అదే చాలు” అందట. అది విని ఆవిడ సూది పక్కన పెట్టేసి చాలాసేపు ఏడ్చింది. ఆ ఏడుపు మంచి ఏడుపు. ఆ తర్వాత ఆవిడ మొహం తేటపడింది.

నేలమాళిగ మొదలయ్యాక ఈ కబుర్లు ఆగిపోయాయి. చెప్పడానికి ఏముంది? ట్యూబులైటు గుయ్యిమంది, జలపాతం అక్కడే ఉంది. మొదటి నెల ఆవిడ అడిగింది. తర్వాత అడగడం మానేసింది. సాయంత్రాలు సూది చప్పుడు కూడా వినబడేంత నిశ్శబ్దంగా ఉండేది ఆ ఇల్లు.

ఆవిడే పోరగా పోరగా ఆయన డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. డాక్టరు రక్తం తీయించాడు, ఛాతీ విన్నాడు, కాయితాలన్నీ తిరగేశాడు.

“మీకు జబ్బేమీ లేదండీ. ఎండ లేదు, అంతే” అన్నాడు. “పొద్దున్నే ఓ గంట బయట నడవండి. చెట్లున్న చోటైతే మరీ మంచిది. ఒళ్ళు తేలికపడుతుంది, కోపం తగ్గుతుంది, నిద్ర దానంతటదే వస్తుంది. మనసుకి అంతకంటే మందు నాకు తెలీదు.”

మందు రాయించుకోవడానికి వెళితే నడక రాసిచ్చాడని ఆయనకి కోపమొచ్చింది. అయినా మర్నాడు పొద్దున్నే బయల్దేరాడు. వీధి మూల దాకా వెళ్ళాడు. అక్కడ సైకిళ్ళు బాగుచేసే అతను కొట్టు తెరుస్తూ, “ఏం బాబాయ్, పొద్దున్నే ఎక్కడికి?” అన్నాడు.

ఎక్కడికీ కాదు. ఆ మాట నోటికి రాలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ‘ఎక్కడికి’ అంటే చెప్పడానికి ఆయన దగ్గర ఎప్పుడూ ఒక వీధి పేరు ఉండేది. “టార్చికి బ్యాటరీలు కావాలి” అనేసి, అక్కర్లేని బ్యాటరీలు రెండు కొనుక్కుని ఇంటికొచ్చేశాడు. నడక వైద్యం ఆ రోజుతో సరి.

అలా ఉండగా ఒకరోజు ఏడో బీటులో ఒక మీటరు నిజంగానే మొండికేసింది. బయట తిరిగే మెకానిక్ సెలవులో ఉన్నాడు. “మీకు ఆ పేట తెలుసు కదా, మీరే వెళ్ళి చూసి రండి” అంది సెక్షన్ ఆఫీసరు. కొక్కెం ఇంకా ఆయన బల్ల కిందే ఉంది, తిరిగిమ్మని ఎవరూ అడగలేదు.

మెట్లెక్కి బయటికి రాగానే ఎండ మెడ వెనక చెయ్యి వేసినట్టయింది. నడిచాడు. రెండు వీధులు దాటేసరికి మోకాళ్ళు మూలగడం మర్చిపోయాయి. చెమట పట్టింది, దాని మీద గాలి తగిలింది. ఏడు నెలలుగా గదిలో ఫ్యాను చల్లదనం అనుభవించాడు గానీ, ఆ చల్లదనం వేరు, ఈ చల్లదనం వేరు. మూత లేపితే తడిమట్టి వాసన గుప్పున కొట్టింది, లోపల కప్ప ఒకటి ‘ఇన్నాళ్ళూ ఏమైపోయావు’ అన్నట్టు కళ్ళు ఆర్పింది. ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది. ఆ రాత్రి మొద్దునిద్ర పోయాడు.

మర్నాడు స్క్రీను ముందు కూర్చుంటే పాత నెప్పులన్నీ పేరుపేరునా తిరిగొచ్చాయి. అప్పుడే ఆయన కళ్ళు ఆ గడి మీద పడ్డాయి. ప్రతి ఇంటి నంబరు పక్కనా ‘అనుమానం’ అని చిన్న గడి ఉంటుంది. అంకె తేడాగా ఉందనిపిస్తే అందులో గుర్తు పెట్టాలి. గుర్తు పెట్టిన మీటరుని ఎవరో ఒకరు వెళ్ళి కళ్ళారా చూసి రావాలని రూలు.

ఆయన ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్క అంకె తప్పు రాసిన మనిషి కాదు.  అయినా గుర్తు పెట్టాడు. మొదటి వీధిలో మొదటి ఇల్లు. వెళ్ళి చూశాడు, మీటరు గుండ్రాయిలా ఉంది. ‘సరిగానే ఉన్నది’ అని రాసి వచ్చాడు. మర్నాడు రెండు, మూడు ఇళ్ళు. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర. నెల రోజులు ఆయన దొరగానే తిరిగాడు. బెల్టు ఒక చిల్లు వెనక్కి వచ్చింది. ఇంట్లో చెంచాలు కింద పడ్డా మాట్లాడటం లేదు. భార్య ఇదంతా డాక్టరు మాట మహిమ అనుకుంది. ఆయన నిజం చెప్పలేదు. దొంగతనంగా తిరిగిన వీధుల కబుర్లు ఏ మొహంతో చెబుతాడు?

ఒక శుక్రవారం సెక్షన్ ఆఫీసరు ఆయన్ని పై గదిలోకి పిలిచింది. ఆయనకి కూతురుంటే ఆ అమ్మాయి వయసే ఉంటుంది. బల్ల మీద ప్లాస్టిక్ మొక్క ఒకటి, మాత్రల డబ్బా ఒకటి. ఎదురుగా స్క్రీను మీద ఏడో బీటు మ్యాపు, దాని మీద ఎర్ర చుక్కలు.

“నెలలో యాభై నాలుగు అనుమానాలు, యాభై మూడు సరిగానే ఉన్నాయి. అది కాదు నాకు వింత” అందామె. “మీటర్లు చెడిపోతే అక్కడొకటి ఇక్కడొకటి చెడిపోతాయి. ఇవేమో వరసలో నిలబడి చెడిపోతున్నాయి. ఎడమ పక్క ఇళ్ళన్నీ పోతూ, కుడి పక్క ఇళ్ళన్నీ వస్తూ.”

నీళ్ళాయన చుక్కల వైపు చూశాడు. అబద్ధం అలవాటు లేనివాడు అబద్ధమాడితే అందులోనూ నిజాయితీ బయటపడుతుంది. చుక్కల్ని చెదరగొట్టాలని ఆయనకి తట్టనే లేదు. మీటరు చదివేవాడు ఇల్లు దాటి ఇల్లు ఎలా ఎగురుతాడు?

“ఈ ఒక్క ఇల్లు మాత్రం వరస తప్పింది. చివర్లో వచ్చింది. ఎందుకు?”

“అక్కడ కుక్కుంది మేడం. మూడు కాళ్ళే గానీ, పదకొండింటికి గానీ నిద్రపోదు.”

నవ్వు ఆపుకోవడానికి ఆమె స్క్రీను వైపు తిరిగింది. మళ్ళీ ఇటు తిరిగేసరికి నవ్వు లేదు. “ఇంకో రెండేళ్ళ సర్వీసుంది మీకు. ఇది నేను దాచలేను. దొంగ అనుమానాలు పెట్టారని మెమో ఇస్తున్నాను. సోమవారానికల్లా సంజాయిషీ రాసి ఇవ్వండి. పైవాళ్ళు ఊరుకోకపోతే ఉద్యోగం దాకా రావచ్చు.” గొంతు తగ్గించింది. “బయటికి వెళ్ళాలంటే వెళ్ళొచ్చు కదా బాబాయ్ గారూ. ఆఫీసు పదింటికి. సూర్యుడు ఆరింటికే డ్యూటీ ఎక్కుతాడు.”

“ఊరికే నడవడం నాకు చేతకాదమ్మా” అన్నాడాయన.

ఆమె మాత్రల డబ్బా వైపు చూసింది. “నాకూ డాక్టరు ఎండే రాశాడు. నేను దాన్ని నీళ్ళతో మింగుతున్నాను” అంది.

ఆ సాయంత్రం ఆయన తేలు కుట్టిన దొంగలా ఇంట్లోకి వచ్చాడు. మెమో కాయితం జేబులో ఎంతసేపు ఉంటుంది? భార్య దీపం వెయ్యగానే తీసి చేతిలో పెట్టాడు. ఆవిడ చదివింది. మళ్ళీ చదివింది. ఆయన తల వంచుకున్నాడు, ఉద్యోగం గురించి ఏడుస్తుందనుకున్నాడు.

“నెల రోజులుగా ఏడో బీటుకి వెళ్తున్నారా?” అంది.

“ఊఁ.”

“వెళ్ళొచ్చి నాకు ఒక్క ముక్క చెప్పలేదా?”

ఆయన తలెత్తాడు. ఆవిడ మొహం అంత ఎర్రగా ఆయన ఎప్పుడూ చూడలేదు.

“కుక్కుందా ఇంకా? ఆ ఇల్లాలు బట్టలు విసరడం మానిందా? దానిమ్మ కాసిందా? నెల రోజులు చూసొచ్చి ఇక్కడ గోడలాగా కూర్చున్నారా?” కుడుతున్న చొక్కా పక్కకి విసిరేసింది. “ఏడు నెలలు లోపల ఉన్నందుకే మీకు ఒళ్ళు పాడైంది, నిద్ర పోయింది, బుద్ధి కూడా పోయి దొంగ గుర్తులు పెట్టారు. నేను ముప్ఫై ఏళ్ళనించీ లోపలే ఉన్నాను. నాకేమీ కాలేదెందుకో తెలుసా? రోజూ సాయంత్రం మీరు నన్ను ఆ వీధుల్లో తిప్పుకొచ్చేవారు. మీరు లోపలికి వచ్చి కూర్చున్నారు. మీతోపాటు నన్నూ లోపల పెట్టి తలుపేశారు.”

 ఈ ఇంట్లో కిటికీ లేని గది ఇంకొకటుందని, అందులో ముప్ఫై ఏళ్ళుగా ఒక మనిషి ఉందని ఆయనకి ఇవాళే తెలిసింది. తెలిసి, సిగ్గుతో చచ్చిపోయాడు.

చాలాసేపటికి ఆవిడే కళ్ళు తుడుచుకుంది. “ఉన్నదున్నట్టు రాయండి. ఎండ కోసం వెళ్ళానని రాయండి. నిండా మునిగాక ఇంక చలేమిటి?” అంది. రాశాడు. ఆవిడ కాయితం మడిచి జేబులో పెడుతూ, “ఎప్పుడైనా నన్నొకసారి తీసుకెళ్ళండి. ఇంకేం చూపించకపోయినా ఫర్వాలేదు. పంతులమ్మ చేతులు ఓసారి పట్టుకోవాలి. ఎందుకో మీకు తెలుసు” అంది.

ఆయన తల ఊపాడు. ఊపక ఏం చేస్తాడు? పంతులమ్మ పోయి ఆరేళ్ళయింది.

సోమవారం మేడం సంజాయిషీ చదివి, తన తరఫున కూడా రెండు వాక్యాలు రాసి పైకి పంపింది. గురువారానికి జవాబొచ్చింది. ఉద్యోగం దక్కింది. మందలింపు ఫైల్లోకెక్కింది. ‘అనుమానం’ గడి ఆయన స్క్రీను మీంచి తీసేశారు, ఏడో బీటుని వేరే బల్లకి మార్చేశారు, కొక్కెం స్టోరులో జమచేయించుకున్నారు. పనిమీద ఆ వీధులకి వెళ్ళే దారి ఈ జన్మకి మూసుకుపోయింది.

ఆదివారం ఆరున్నరకి ఇద్దరూ బయల్దేరారు. వీధి మూలకి వచ్చేసరికి ఆయన అడుగు తడబడింది. కొక్కెం లేని చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

“ఏం బాబాయ్, పిన్నీ కూడానా! ఎక్కడికి ఇద్దరూ?” అన్నాడు సైకిళ్ళతను.

బ్యాటరీలు, అనబోయాడు నీళ్ళాయన.

“ఎక్కడికీ కాదు బాబూ, ఊరికే” అంది ఆవిడ. అని, తన మాటకి తనే ఉలిక్కిపడి నోరు మూసుకుంది. ఆకాశం విరిగి మీద పడలేదు. సైకిళ్ళతను “మంచిది పిన్నీ” అని తన పనిలో పడ్డాడు.

మొదట ఆవిడ నేల చూసుకుంటూ నడిచింది. మడమలు నొప్పెట్టాయి, రెండుసార్లు ఆగింది. ఏడో బీటు మొదటి వీధిలోకి తిరిగాక తలెత్తింది. అక్కణ్ణించి ఆయన చూపించాల్సిన పని లేకపోయింది.

“ఇది నీలం గేటు ఇల్లు. దీనికి మూత ఎత్తు తక్కువ, మీ వేలు నలిగింది ఇక్కడే. దీని పక్కన దానిమ్మ కంచె... అయ్యో, నేను ఇంత ఎత్తనుకోలేదు!” ఒక పువ్వు ముట్టుకుని చూసింది. మూడు కాళ్ళ కుక్క గేటు సందులోంచి మొరిగితే దాన్ని పాత చుట్టంలా పలకరించింది. మేడమీంచి ఒక చొక్కా వచ్చి వీధిలో పడినప్పుడు ఆవిడ నవ్విన నవ్వు ఆయన ఏళ్ళ తరబడి వినలేదు. ఎండ ఆవిడ మొహం మీద పడుతోంది. ఎప్పుడూ గదిలో దీపం కింద చూసిన మొహం. బుగ్గ మీద చిన్న మచ్చ ఉందని ఆయన ఇన్నాళ్ళూ గమనించలేదు. ఆవిడ ముందు నడుస్తోంది, ఆయన వెనక నడుస్తున్నాడు. చివరి సందు దగ్గరపడేకొద్దీ ఆయన ఇంకా వెనకబడ్డాడు.

జామచెట్టు కనబడింది. దాని కింద రాతిబల్ల ఖాళీగా ఉంది. ఆవిడ జుట్టు సవరించుకుంది.

“ఆగు” అన్నాడాయన. “పంతులమ్మ లేదు.”

“ఊరెళ్ళిందా?”

“పోయింది. ఆరేళ్ళయింది.”

ఆవిడ గేటు వైపు చూసింది. లోపల ఎవరివో పిల్లల బట్టలు తీగ మీద ఆరుతున్నాయి. మెల్లగా వెళ్ళి రాతిబల్ల మీద కూర్చుంది. ఎప్పుడూ చూడని మనిషి కోసం కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

“నిద్రలోనే పోయిందట” అన్నాడాయన, నిలబడే. “ఆ నెల మీటరు చదవడానికి వస్తే గేటుకి తాళం ఉంది. ఆ సాయంత్రం నీకు చెబుదామనే వచ్చాను. అడుగు పెట్టగానే ‘పంతులమ్మ ఏమంది’ అన్నావు. అమ్మ అప్పటికి మంచంలోనే ఉంది. నువ్వు పొద్దున్నించీ నవ్వలేదు. ఏదో ఒకటి అనేశాను, నవ్వావు. ఇంక ఆ తర్వాత ఆవిణ్ణి చంపడానికి నాకు నోరు రాలేదు.”

ఆవిడ ఏడుపు ఆగింది. వేళ్ళు మడిచి ఏదో లెక్క వేసుకుంది.

“అత్తయ్య పోయి అయిదేళ్ళు” అంది.

“ఊఁ.”

“అత్తయ్య పోయిన నెలలో పంతులమ్మ అందని చెప్పారే. పదకొండేళ్ళు... పసిపిల్లలా...” ఆయన మొహంలోకి చూసింది. “అదెవరన్నారు?”

ఆయన కాలి కింద ఇనప మూత ఉంది. దాని మీద మట్టి లేదు, అయినా చెప్పుతో తుడిచాడు.

“చెప్పండి. ఎవరన్నారు?”

“నేనే.”



“కాజాల మాట? తల నిమరాలన్న మాట?”

“అన్నీ.”

“మరి ఆ మాట మీ నోటితో మీరే ఎందుకనలేదు?”

“ఇంట్లో నాకు మాటలు రావు” అన్నాడు నీళ్ళాయన. “ఇక్కడ నడుస్తుంటే వచ్చేవి. ఈ చెట్టు దగ్గరికొచ్చేసరికి నువ్వు గుర్తొచ్చేదానివి. సాయంత్రం దాకా ఎలాగో మోసుకొచ్చేవాణ్ణి. గుమ్మంలో నిన్ను చూడగానే సిగ్గేసేది. ఆవిడ పేరు పెట్టి చెప్పేసేవాణ్ణి.”

ఆవిడ ఆయన్ని అలా చూస్తూనే ఉంది. కోపముందా మొహంలో? ఉంది. అయిదేళ్ళ కిందటే దక్కాల్సినదాన్ని పరాయి చేతులమీదుగా అందుకున్న మనిషి కోపం అది. దాని వెనక ఉన్నది మాత్రం కోపం కాదు.

“ఆ మాటన్న మనిషి చేతులు ఓసారి పట్టుకోవాలని ఇంత దూరం నడిచొచ్చాను” అంది.

బల్ల మీద పక్కకి జరిగి చోటిచ్చింది. ఆయన కూర్చున్నాడు. ఆవిడ ఆయన రెండు చేతులూ తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. కొక్కెం పట్టీ పట్టీ కాయలు కాసిన చేతులు అవి. సూది పట్టీ పట్టీ గట్టిపడ్డ వేళ్ళతో ఆ కాయల్ని ఒక్కొక్కటే తడిమింది. ఎండ జామాకుల్లోంచి దిగి ఇద్దరి మోకాళ్ళ మీదికి వచ్చింది.

“ఊఁ, చెప్పండి” అంది ఆవిడ. “ఇవాళ మీరేమంటారు?”